మూత మీద పసుపు బొట్టు

ఏటి, కోటపాడు దారిలో ఎంత దూరమెళ్లి ఆగిపోనాదన్నావు? పాడుబడ్డ బెల్లం పాక కాడా. ఊఁ. ఆగేక ఎంతసేపటికి మళ్లీ లేసింది? పావుగంటకా. మరి ఆగీ ముందు గట్టిగా కుదిపి టక్కుమని ఆగిందా, నిద్రొచ్చిన మనిషిలాగ తూలి తూలి ఆగిందా? తూలి తూలి. అద్గదీ. ఈయేళ ఏటి వారం త్రినాథూ? శుక్రవారమే కదా. సరే, అలా కూకో. ఆ టైరు మీద కూకో, బల్ల ఇరిగిపోనాది. బోనెట్టు ఎత్తుకుంటావో దించుకుంటావో నీ ఇష్టం గాని, ఎనక పెట్రోలు టేంకు మూత ఉంది సూడు, దాని కాడికి మాత్రం ఎళ్లకు. నేను సెప్పీదాక ఎళ్లకు. ఎందుకేటంటే అది కూడా సెప్తాను, ఎండ ఇంకా గోడ దిగలేదు, తొందరేటి నీకు.

కోటవురట్ల తుక్కు కొట్లో కొన్నానన్నావు కదా దీన్ని. తెల్లగుంది, బాగుంది, పాత అంబాసిడరు, ఉబ్బిన బుగ్గల్లాగ ఉంటాది, మా లోవలక్ష్మికి ఇష్టమన్నావు. పురుడుకి కె. కోటపాడు పుట్టింటికెళ్లింది, పిల్లోడ్ని ఎత్తుకుని తెల్లకారులో దిగాలని ఆవిడ కోరికన్నావు. నొప్పులొత్తే ఇందులోనే అనకాపల్లి ఆస్పత్రికి తెచ్చుకుంటానన్నావు. నూట ఎనిమిది ఉంది కదరా నాయనా అంటే నవ్వేవు. పెళ్లైన కొత్త, నవ్వుతావు మరి. నేనూ నవ్వీవోడ్నే. అయితే ఒక సంగతి, నువ్వు దీన్ని కొన్న రోజున తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు నిలబెట్టినప్పుడే నేను గుర్తు పట్టేను. నా కళ్లకి పొరలొచ్చేసేయి, రెండో కంటికి ఆపరేషను సేయించమంటే మా కోడలు రేపూ మాపూ అంటంది, అయినా గుర్తు పట్టేను. ఎడం పక్క ఎనక తలుపుకి సొట్ట ఉంది సూడు, అరసెయ్యంత. ఆ సొట్ట నా ముందే పడింది. కొబ్బరి బొండాల బండి తగిలి. ఇది అచ్చిబాబు కారు.

అచ్చిబాబు నాకు బావ. సుట్టరికం ఏటీ లేదు, పిలుపే. పూడిమడకలో సముద్రం మీద యాటకెళ్లీ ఇల్లు ఆళ్లది. తాత యాటే, అయ్య యాటే. ఈడికేమో సముద్రం పడలేదు. పడవెక్కితే సాలు పేగులు బైటికొచ్చీలా కక్కీవోడు. 'సేపలకి మేతెయ్యడానికి పుట్టేడ్రా నా కొడుకు' అని ఆళ్లయ్య అందరి ముందూ అనీవోడంట. సిగ్గేసి లారీ ఎక్కేడు, క్లీనరయ్యేడు, డ్రైవరయ్యేడు, సివరికి ఈ కారు సంపాదించేడు. కె. కోటపాడులో ఇల్లు అద్దెకి తీసుకుని, కోటపాడు అనకాపల్లి, అనకాపల్లి కోటపాడు, రోజుకి రెండు మూడు ట్రిప్పులు తిప్పీవోడు. పెళ్లి మాత్రం ఊళ్లోనే సేసుకున్నాడు. కొర్లమ్మ. సేపల తట్ట ఎత్తుకుని నడిసిన ఆడదాని నడకేటో తెలుసా నీకు? మెడ కదలదు. ఒళ్లంతా అలలాగ ఊగుతాది గాని మెడ కదలదు. ఆ మనిషి కోటపాడు మెట్ట మీదకొచ్చి సముద్రం కనపడక మొదట్లో పిచ్చిదానిలాగ తిరిగీదంట. సాయంకాలం సెరుకు తోటల్లో గాలి కొడితే ఇనడానికి సముద్రంలాగే ఉంటాదన్నా, కళ్లు మూసుకుంటే సాలు అనీది. నన్ను అన్నా అనీది. బావ పెళ్లాం మరి, సెల్లెలే కదా.

ఆళ్ల ఊళ్లో ఒక పద్ధతుంది. పడవ నీళ్లలోకి దింపీ ముందు పసుపు రాసి కుంకం పెడతారు. ముందు కొమ్ముకి పెడతారు. ఈ కొర్లమ్మేమో మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, తెల్లారగానే తానం సేసి, తడిజుట్టుతో వచ్చి, కారుకి పసుపెట్టీది. అయితే ముందు కాదు. ఎనక్కెళ్లి, ఆ పెట్రోలు మూత గుండ్రంగా మొహంలాగ ఉంటాది కదా, దానికి పెట్టీది. ఏలితో పసుపు ముద్ద తీసి నడిమద్దిన అద్ది, దాని మీద కుంకం. నేనొకసారి ఆళ్లింటికెళ్లినప్పుడు సూసి, 'ఏటమ్మా, దేవుడికి ఎవడైనా ఈపుకి బొట్టెడతాడేటి' అని ఎక్కిరించేను. అది నవ్వలేదు. 'అన్నా, పడవ ముందు ఎలగుంటాదో మగోళ్లు సూస్తారు. గట్టు మీద నిలబడ్డ మాకు కనపడీది ఎనకే కదా. అది సిన్నదై సిన్నదై పోయీదాక సూత్తాం. ఈయన రోడ్డు మలుపు తిరిగీదాక ఆ బొట్టు నాకేసి సూత్తుంటాది, నేను దానికేసి సూత్తుంటాను' అన్నాది. ఆవిడిచ్చిన సేపల పులుసు తిని వచ్చేసేను. ఆ పులుసు రుసి ఇప్పుడూ నాలిక మీదుంది. ఏడాది కాదు, రెండేళ్లు పిల్లల్లేరు ఆళ్లకి, మూడో ఏట కడుపొచ్చింది. అచ్చిబాబు గాలిలో తేలిపోయీవోడు, కొర్లమ్మ బొట్టు ఇంకా మందంగా పెట్టీది.

అప్పుడు మొదలైంది కారుకి రోగం. నీకు సెప్పేను కదా, తూలి తూలి ఆగడం. కోటపాడులో బయల్దేరితే సుబ్బరంగా వత్తాది, ఆ బెల్లం పాక కాడకొచ్చీసరికి దమ్ము సాలనట్టు కిందా మీదా అయ్యి ఆగిపోతాది. సెల్ఫు కొడితే కుయ్యి కుయ్యి అంటాది, లేవదు. ముందు బంపరు కాడ హేండిలేసి తిప్పినా లేవదు. పావుగంట ఒగ్గేత్తే ఏటీ ఎరగనట్టు లేత్తాది. సరే, ఇటు అనకాపల్లిలో పెట్రోలు పోయించి బయల్దేరేడనుకో, మళ్లీ సరిగ్గా ఆ పాక కాడే. అటు నుంచొచ్చినా అక్కడే, ఇటు నుంచెళ్లినా అక్కడే. పైగా రోజూ కాదు. మంగళవారం, శుక్రవారం. మిగతా రోజులు గుర్రంలాగ పరిగెట్టీది. ఇంక జనం ఊరుకుంటారేటి? ఆ పాకలో ఎప్పుడో బెల్లం పెనంలో పడి ఎవరో ఆడమనిషి పోయిందని ఒక మాట ముందే ఉంది. నిజమో అబద్ధమో ఎవడికీ తెలీదు, నేనైతే పాక కూలిపోయేకే ఇన్నాను. 'అదే పట్టుకుంటంది బావా కారుని' అని ఒకడు. 'పెనం కాడ కూకుని సల్లగాలికి ఎదురు సూత్తుంటాది, తెల్లగా కనపడితే సెయ్యేత్తాది' అని ఇంకొకడు. మంగళవారం శుక్రవారం ఆడి కారు ఎక్కీవోళ్లు లేరు. సంత రోజైనా సరే, బస్సు మెట్ల మీద ఏలాడి పోయీవోళ్లు గాని దీన్లో ఎక్కీవోళ్లు కాదు. బోణీ లేని కారు పాక కాడ ఒంటరిగా నిలబడి ఉంటే అచ్చిబాబు లోపల స్టీరింగు మీద తలెట్టుకుని కూకునీవోడు.

ఈ అనకాపల్లి షెడ్డుకి నా కాడికే తెచ్చేడు, ఇంకెక్కడికి తెత్తాడు? నేనప్పుడు ముప్పై దాటిన మేస్త్రిని, సెవితో ఇని రోగం సెప్తానని పేరు. ప్లగ్గులిప్పేను, పొడిగా శుబ్బరంగా ఉన్నాయి. పాయింట్లు గీకేను, గేపు పెట్టేను. కండెన్సరు మార్సేను, కాయిలు మార్సేను. కార్బురేటరు ఇప్పి జెట్లు నోటితో ఊదేను, పెట్రోలు పంపు కొత్తది బిగించేను. టేంకులోంచి గొట్టం మొత్తం ఊడదీసి గాలి కొట్టించేను. షెడ్డులో గంటలకి గంటలు తిప్పితే ఆగితే ఒట్టు. ఎందుకు ఆగలేదో తెలుసా? నాకొక అలవాటుంది. ఏ కారొచ్చినా ముందు ఎనక్కెళ్లి మూత తీసి, పుల్ల ముంచి, పెట్రోలు ఎంతుందో సూసుకునీవోడ్ని. సూసేక మూత బిగించను, ఊరికే పైన పెట్టీసేవోడ్ని. నలుగురు సూడకుండా సేసిన తప్పు కాదు, అందరూ సూత్తుండగా రోజూ సేసిన తప్పు. దాన్ని తప్పని ఎవడూ అనుకోడు.

సరే, ఒక శుక్రవారం బస్సులో కోటపాడెళ్లి దాంట్లోనే కూకుని వచ్చేను. మిట్ట మజ్జానం. కోటపాడులో కొర్లమ్మ నడుం మీద సెయ్యేసుకుని గుమ్మంలో నిలబడి, 'అన్నా, ఈయేళైనా పట్టుకో రోగం, లేకపోతే నీ షెడ్డు ముందు సేపలు పెట్టుకుని నేనే కూకుంటాను, మేస్త్రి కంటే నాకే బేరాలెక్కువొత్తాయి' అన్నాది. ఏడో నెల. పసుపు మొహం. బయల్దేరేం. పాక కాడికొచ్చీసరికి తూలింది, ఆగింది. గాలి లేదు. సెరుకాకు కదలడం లేదు. నేను దిగి బోనెట్టెత్తి సూత్తే పంపు మీద గాజు గిన్నె ఉంటాది సూడు, అది ఖాళీ. పెట్రోలు రావడం లేదు. అచ్చిబాబు స్టీరింగు కాడే కూకున్నాడు, దిగమంటే దిగడు. నేను ఎనక్కెళ్లి మూత తిప్పేను. తిప్పగానే, నాయనా, ఎలగ సెప్పను నీకు, ఒక మనిషి ఊపిరి. బైటికి ఒగ్గింది కాదు, లోపలికి పీల్సింది. సానాసేపు నీళ్లలో మునిగున్న మనిషి పైకొచ్చి పీలుత్తాది సూడు, అలగ. హాఁ... అని పొడుగ్గా, ఇంకా పొడుగ్గా. నా సెయ్యి మూత మీదే ఉంది. నా ఏళ్లకి పసుపంటుకుంది. ఆ పసుపు సూసేను కూడా. సూసి, అనుకోవలసింది అనుకోలేదు. పాక కేసి సూసేను. బెల్లం మాడిన వాసనొచ్చినట్టనిపించింది, పదేళ్ల కింద ఆరిపోయిన పొయ్యికి వాసనేటి? మూత బిగించి ముందుకొచ్చేత్తే ఇది ఒక్క సెల్ఫుకి లేసింది. అప్పుడైనా ఆడికి సెప్పొచ్చు కదా, బావా, మూత తీత్తే లేసింది అని. సెప్పలేదు. మేస్త్రిని, భయపడ్డానని సెప్పుకోలేను కదా. 'బావా, ఇది మిషను రోగం కాదు' అన్నాను. అంతే అన్నాను.

ఆ మాట ఆడు పట్టుకెళ్లి ఇంట్లో సెప్పేడు. మిషను రోగం కాకపోతే మందేటి మరి? కొర్లమ్మకి తెలిసిన మందు ఒకటే. అంతవరకు బొట్టంత పెట్టీది, ఆ మరుసటి మంగళవారం నుంచి మూతంతా మెత్తేసింది. ఆవనూనేసి కలిపి మరీ. ఆరిపోయి రాలిపోకూడదని.

తరవాతి శుక్రవారం మజ్జానం బోరింగు కాడ కాలు జారి పడిపోయింది. రగతం. అచ్చిబాబు అన్నం ముందు నుంచి లేసి ఎత్తుకుని ఎనక సీట్లో పడుకోబెట్టేడు. పొరుగింటి గంగాభవాని తల ఒళ్లో పెట్టుకుని కూకుంది. ఆవిడే తరవాత నాకు సెప్పింది ఇదంతా. పాక కాడ ఆగిపోనాది. అచ్చిబాబు హేండిలేసి తిప్పేడు, తిప్పేడు, అరసేతులు బొబ్బలెక్కి సిట్లిపోయేదాక తిప్పేడు. దారినపోయీ రైతులిద్దరు తోసేరు. కొర్లమ్మ ఒకటే మాటంట. 'పొద్దున్న పెట్టేను కదా వదినా, నిండా పెట్టేను కదా, మరెందుకు ఆగింది' అని. పావుగంటకి లేసింది దానంతటదే. ఆస్పత్రిలో డాట్రమ్మ సెయ్యి పట్టుకుని సూసి, ఇంకో పావుగంట ముందు తెచ్చుంటే అన్నాదంట. కడుపులో పిల్లా పోనాది, అదీ పోనాది.

మూడో రోజు కారు నా షెడ్డుకొచ్చింది, సీటు కడగడానికి. అచ్చిబాబు కడగలేడు కదా. నేను కడిగేను. కడిగి ఎనక్కొచ్చి మూత మీద ఎండిపోయిన పసుపు గోరుతో గీకితే, దాని కింద, నడిమద్దిన, ఆవగింజంత బెజ్జం. నీకు తెలుసా అది ఎందుకుంటాదో? గేసునూనె డబ్బాకి ఒక్క బెజ్జం పెట్టి ఒంపు, గుడగుడమని కాసిని పడి ఆగిపోతాది. రెండో పక్క ఇంకో బెజ్జం పెట్టు, ధారగా పడతాది. గాలి లోపలికి పోతేనే నూనె బైటికొత్తాది. పెట్రోలు టేంకూ అంతే. ఆ బెజ్జం మూసుకుపోతే పంపు పీలిసి పీలిసి, లోపల గాలి లేక, కొన్ని మైళ్లు పోయేక దమ్ము ఆగిపోతాది. పావుగంట ఒగ్గేత్తే ఏ సందులోంచో కాసింత గాలి దూరి మళ్లీ లేత్తాది. ఆ పాక కోటపాడుకీ అనకాపల్లికీ సరిగ్గా సగం దారి. పెనమూ లేదు, అందులో పడ్డ మనిషీ లేదు. మంగళవారం తడి పసుపు, శుక్రవారం తడి పసుపు, మిగతా రోజులు ఎండి పగిలి గాలాడీది. అంతా నా కళ్ల ముందే ఉంది. నా ఏలికి అంటుకుంది కూడా. సెవితో ఇనీ మేస్త్రిని నేను.

ఇది అచ్చిబాబుకి ఎలగ సెప్పను, నువ్వు సెప్పు. నీ పెళ్లాం నీ కోసం పెట్టిన బొట్టే నీ పెళ్లాన్ని తీసుకుపోనాదని సెప్పనా? సెప్పలేదు. మూత శుబ్బరంగా తుడిసి పంపేసేను, రోగం కుదిరిందన్నాను. ఆడు మళ్లీ తిప్పడం మొదలెట్టేడు. నెల తిరిగింది. ఒక శుక్రవారం ఇక్కడే టీ తాగుతూ ఎనక్కి సూద్దును కదా, మూత మీద బొట్టు. తడిగా. పాపం, దాని గుర్తుకి ఈడు పెట్టుకుంటన్నాడు కాబోలనుకున్నాను. వొద్దంటే ఎందుకంటాడు. అంచేత ఏటి సేసేనంటే, ఆడు టీకెళ్లినప్పుడు సూది తీసుకుని బొట్టు సెడకుండా నడిమద్దిన ఒక్క పోటు. గాలాడుతాది. బొట్టు బొట్టులాగే ఉంటాది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నాలుగేళ్లు సేసేను ఆ పని. ఆ సూది కోసం కేలండరు మేకు పక్కన ఒక సోటుంది, ఎవర్నీ ముట్టుకోనిచ్చీవోడ్ని కాదు. ఒక్కొక్కసారి నా మీద నాకే నవ్వొచ్చీది, బళ్లు బాగుసేసీ మేస్త్రి దొంగలాగ వొంగి బొట్టుకి సూది గుచ్చడమేటని. ఆ బొట్టు సుట్టూ ఏలిముద్ర ఉండీది. సన్నటి ఏలు. అచ్చిబాబు ఏళ్లు నా ఏళ్లలాగే మొద్దు ఏళ్లు. సూసీవోడ్ని. సూసీవోడ్ని గాని, సూడలేదనుకునీవోడ్ని.

ఒకరోజు అచ్చిబాబు నవ్వుతా నవ్వుతా అన్నాడు. 'బావా, నువ్వు మంచోడివిరా. నాకు దాని గుర్తు పోకుండా బొట్టెడతన్నావు, నాకు తెలీదనుకుంటన్నావు. పెట్టి, మళ్లీ మద్దిలో ఆ సూదిపోటెందుకు, అదే నాకర్థం కాలేదు' అన్నాడు. నేను, 'నేను పెట్టడమేటి బావా, నువ్వే కదా' అన్నాను. ఆడు నా మొహంలోకి సూసేడు. నేను ఆడి మొహంలోకి సూసేను. టీ గ్లాసులో ఈగ పడింది, ఆడు గ్లాసు కింద పెట్టీసేడు. లేసెళ్లి మూత మీద సెయ్యి పెట్టి, సెంప నిమిరినట్టు నిమిరి, 'అయితే మలుపు తిరిగీదాక సూత్తందన్నమాట' అన్నాడు. 'మరి సూదిపోటు నువ్వేనా' అన్నాడు. నేనే అన్నాను. 'ఎందుకు' అన్నాడు. అదుగో, అప్పుడు సెప్పాల నేను. ఆడే అడిగేడు కదా. దిష్టి తగలకుండా బావా అన్నాను. ఆడు తలూపేడు. పోయీదాక అదే నమ్మేడు. నేనే గుచ్చేను పోయీదాక.

ఆడు పోయి పదహారేళ్లు. తరవాత ఇది నాతవరంలో ఆళ్ల అక్క సావిట్లో బరకం కింద పడుంటే నేనే ఒకసారి ఎళ్లి, బరకం ఎత్తి సూసేను. మూత మీద తుప్పు తప్ప ఏటీ లేదు. కదలని పడవకి బొట్టెవరు పెడతారు? సల్లగా ఎనక్కొచ్చేసేను. ఇంక అయిపోనాదనుకున్నాను.

నువ్వు దీన్ని కడిగేవా నిన్న? సబ్బేసి? మీ ఇంట్లో ఇప్పుడెవరున్నారు? ఎవరూ లేరు. మీ అమ్మ? పోనాదా, పాపం. లోవలక్ష్మి పుట్టింటికెళ్లి మూడు నెలలు. మరి పొద్దున్న నువ్వు బయల్దేరినప్పుడు ఎనక్కి సూసేవా? సూడవు, వయసులో ఎవడూ ఎనక్కి సూడడు. లే. నాకు సెయ్యందించు, మోకాళ్లు పట్టేసేయి. ఆ కేలండరు కాడ మేకు పక్కన సూదుంటాది, తే. ఉందా? ఉంటాది. ఇప్పుడు ఎళ్లు ఎనక్కి, మూత తియ్యకు, ఊరికే సూసి సెప్పు. నా కళ్లకి ఆనదు.

ఊఁ.

ఏలితో ముట్టుకున్నావా? తడిగానే ఉందా. తుడవకు. తుడవకురా, సెయ్యి తియ్యి. జరుగు. ఇలగ పట్టుకో నన్ను. కొర్లమ్మా, నేనమ్మా, రాములన్నని. ఇది అచ్చిబాబు కాదమ్మా, వేరే పిల్లడు. ఈడి పెళ్లానికి నెలలు నిండేయి, నీ దారినే తెచ్చుకోవాల. ఆ రోజు ఈ మూత తీసినప్పుడు నాకు ఇనపడింది, నేను ఆడికి సెప్పకుండా...

అదుగో, అయిపోనాది. గాలాడతాది. ఎక్కు. సెల్ఫు కొట్టు. సూసేవా, ఒక్క దెబ్బకే లేసింది. ఎళ్లి మీ లోవలక్ష్మిని ఈయేళే తెచ్చేసుకో, నొప్పులొచ్చీదాక ఉండకు. ఆ సూది నీ జేబుకి గుచ్చుకో. నాకెందుకింక. ఎళ్లు మరి, ఎండెక్కిపోతంది. ఏటలా సూత్తావు, నా కళ్లకేటీ అవలేదు, పొరలు, అంతే. మా కోడలు రేపూ మాపూ అంటంది.